మందు రాలేదంటే అక్కణ్నుంచి అలాగే వచ్చేయకండి

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక ఊరండి. మా అత్తగారికి 64 ఏళ్లు, చాన్నాళ్లుగా షుగరు, బీపీ. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. కిందటేడు అత్తగారిని పెద్దాసుపత్రిలో చేర్పించాం. ఇంటికి పంపేటప్పుడు పెన్ను ఇన్సులిన్ రాశారు, పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12. ఆ చీటీ పట్టుకుని మా దగ్గరి సర్కారు ఆసుపత్రికి వెళ్తే ‘అది రాలేదమ్మా, వచ్చేవారం చూడండి’ అంటున్నారు. బీపీ బిళ్లలు కూడా పది రోజులకే ఇస్తున్నారు. రేవు దాటి ఆటో ఎక్కి వెళ్లి వచ్చేసరికి ఆ రోజు పని పోతోంది. ఇన్సులిన్ బయటే కొంటున్నాం. ఖర్చు చూసి అత్తగారు నాకు చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని మొన్ననే తెలిసింది. గట్టిగా అడిగితే ఆ ఇచ్చేది కూడా ఇవ్వరేమోనని భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

సమాధానం: అమ్మా, ఆసుపత్రి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ రోజు విడిచి రోజు వేసుకోవడం మాన్పించండి. మీ అత్తగారు డబ్బు మిగులుద్దామనే అలా చేశారు, కేకలేయకండి. కానీ ఇన్సులిన్ మానిన రోజు షుగరు ఎంతకు పోయిందో ఆవిడకు తెలియదు. మానేశాం కదా అని మర్నాడు రెట్టింపు వేసుకుంటే అది ఇంకా ప్రమాదం. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగరు పడిపోతోందన్నమాట. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. మరీ దాహం వేస్తూ, వాంతులవుతూ, మత్తుగా పడి ఉంటే షుగరు బాగా పెరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు, స్పృహ తప్పినప్పుడు కూడా, 108కి ఫోను చేయడమే. ఇవేవీ లేకపోయినా రేపు పొద్దున్నే తీసుకెళ్లి షుగరు చూపించండి. ఇన్నాళ్లు ఎలా వేసుకున్నారో దాచకుండా చెప్పి, మోతాదు డాక్టరుగారి చేత ఖాయం చేయించుకోండి.

ఇక మందుల విషయం. నేను చాలా ఏళ్లు సర్కారు మందుల కౌంటరుకు లోపలి పక్క కూర్చున్నవాణ్ని. బయట నిలబడ్డవాళ్లకు కనపడనిది ఒకటుంది, అది తెలిస్తే మీరు అడిగే తీరే మారిపోతుంది.

ఆసుపత్రికి మందులు ఎలా వస్తాయంటారు? రాష్ట్రం మొత్తానికి కొనేది ఏపీఎంఎస్‌ఐడీసీ అనే సంస్థ. అది టెండర్లు పిలిచి కొని, నాణ్యత పరీక్ష చేయించి జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోరుకు పంపుతుంది. అక్కణ్నుంచి ప్రతి ఆసుపత్రీ ఆన్‌లైన్‌లో ఇండెంటు, అంటే ఏ మందు ఎంత కావాలో చెప్పే చీటీ, పెట్టి తెచ్చుకోవాలి. ఎంత పెట్టాలి? గడిచిన నెలల్లో ఏ మందు ఎంత ఖర్చయిందో చూసుకుని పెడతారు. కిటుకంతా ఇక్కడే ఉంది. స్టాకు లేని నెలలో ఆ మందు ఖర్చు సున్నా. కంప్యూటరుకు ఆ సున్నా ఒక్కటే తెలుసు. రేవు దాటి వచ్చి, లైన్లో నిలబడి, ఉత్తచేతులతో వెళ్లిన మీరు ఏ లెక్కలోనూ లేరు. అలా ఊళ్లో పదిమంది మొహమాటపడి బయట కొనుక్కుంటుంటే, ఆ ఊరికి ఇన్సులిన్ అక్కర్లేదనే పై లెక్క చెబుతుంది. మరుసటి ఇండెంటు ఇంకా తగ్గుతుంది.

అందుకే మీరు అడగడం గొడవ పెట్టుకోవడం కిందికి రాదు. మీరు అడిగింది కాగితం మీదికి ఎక్కితేనే ఆ మందు పైనుంచి దిగే దారి ఏర్పడుతుంది.

అయితే ఏమని అడగాలి? ‘రాలేదమ్మా’ అన్నాక మన గోదారి జిల్లాల వాళ్లం ‘సరేనండి’ అనేసి మెట్లు దిగిపోతాం. దిగకండి. అది ఈ ఆసుపత్రి జాబితాలోనే లేదా, జాబితాలో ఉండీ స్టాకు అయిపోయిందా అని అడగండి. జవాబును బట్టి మీ దారి మారుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) ఒక జాబితా, సామాజిక ఆరోగ్య కేంద్రానికి (సీహెచ్‌సీ) అంతకంటే పెద్దది, కాకినాడ జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రికి ఇంకా పెద్దది. పెద్దాసుపత్రిలో రాసిన మందు పీహెచ్‌సీలో ఉండకపోవడం చాలా మామూలు. దానికి ఫార్మసిస్టు మీద విసుక్కుని లాభం లేదు. 2022లో కేంద్రం సవరించిన జాతీయ ఆవశ్యక మందుల జాబితాలో 384 మందులున్నాయి. గ్లార్జిన్ ఇన్సులిన్ చేరింది అప్పుడే. జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన మీ మండలం ఆసుపత్రి ఫ్రిజ్‌లోకి అది నడిచి రాదు కదండీ.

మీ విషయంలో నా అనుమానం ఏమిటంటే, మీ చీటీలో ఉన్నది ఒక కంపెనీ పెన్ను పేరు. సర్కారు ఆసుపత్రుల్లో మామూలుగా ఉండేది సీసాలో వచ్చే హ్యూమన్ ఇన్సులిన్, రెండు రకాలు కలిపిన 30/70. పెన్ను రాలేదంటే నిజంగానే రాలేదు, ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. ‘వచ్చేవారం చూడండి’ అన్నది మిమ్మల్ని నొప్పించకుండా పంపేయడానికి అన్న మాట అయివుంటుంది. కాబట్టి కౌంటరు దగ్గర ఆగిపోకుండా డాక్టరుగారి గదికి వెళ్లండి. ‘ఈ పెన్ను మేం కొనలేకపోతున్నామండి. ఇక్కడ ఇచ్చే సీసా ఇన్సులిన్‌కు మార్చి రాయగలరా?’ అని అడగండి. షుగరు రీడింగులు చూసి మార్చొచ్చో లేదో ఆయన చెబుతారు. మీ అంతట మీరు మాత్రం మార్చకండి. రాత్రిపూట ఒక్కసారి వేసే గ్లార్జిన్ వేరు, రెండు పూటలా వేసే 30/70 వేరు, ఒకదాని బదులు ఒకటి వేయకూడదు. రెండు పూటలా వేసుకుంటున్నారన్నారు కనుక మీది 30/70 పెన్నే అనుకుంటున్నాను, చీటీ చూసి ఖాయం చేసుకోండి. ఆ పెన్నుల్లోనే కొన్ని అన్నం ముందు పెట్టుకుని వేసుకునేవి. సీసాలోని హ్యూమన్ ఇన్సులిన్ మాత్రం తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. ఈ తేడా ఎవరూ చెప్పకుండానే మార్చేసిన కేసులు నాకు తెలుసు.

సీసాకు మారితే ఇంకో సంగతి ప్రాణం మీదిది, జాగ్రత్తగా చదవండి. పెన్నులో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. సర్కారు సీసాలో సాధారణంగా మిల్లీలీటరుకు 40. సీసా మీద రాసే ఉంటుంది. 40 సీసాకు 40 సిరంజే వాడాలి, దాని మూత ఎర్రగా ఉంటుంది. నారింజ రంగు మూత ఉన్నది 100 సిరంజి. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్లిపోతుంది, మనిషి లేవకపోవచ్చు. మందుల షాపులో ‘ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి’ అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. మూత రంగు, సిరంజి మీది అంకె రెండూ చూసి తీసుకోండి. మొదటిసారి ఏఎన్ఎం గారి ముందో, విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారి (సీహెచ్‌ఓ) గారి ముందో అత్తగారి చేత లాగించి చూపించండి.

ఇప్పుడు ఎన్ని రోజులకు ఎంత కావాలన్న లెక్క. సీసాలో ఉండేది 10 మిల్లీలీటర్లు, అంటే 400 యూనిట్లు. మీ అత్తగారికి రోజుకు 32. ఒక సీసా పన్నెండు రోజులు వస్తుంది. నెలకు 960 యూనిట్లు కావాలి, రెండు సీసాలు చాలవు, మూడు కావాలి. ‘ఒక సీసా ఇచ్చాం కదమ్మా, నెలకు చూసుకో’ అని పంపేస్తే పదమూడో రోజు నుంచి ఏం వేసుకోవాలి? చాలా ఇళ్లలో రోజు విడిచి రోజు అలవాటు మొదలయ్యేది అక్కడే. అందుకే డాక్టరుగారి చేత చీటీ మీద ‘30 రోజులకు, 3 సీసాలు’ అని అంకె వేయించండి. చీటీ మీద సంఖ్య ఉంటే కౌంటరులో బేరం ఉండదు. వాడుతున్న సీసాను మాత్రం నాలుగు వారాలు దాటాక ఉంచకండి.

బీపీ బిళ్లలకూ అంతే. షుగరు, బీపీలకు జాతీయ కార్యక్రమం ఉంది, దాని కిందే ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) క్లినిక్కులు నడుస్తాయి. నిలకడగా ఉన్నవాళ్లకు నెలకు సరిపడా ఇచ్చి పంపాలన్నదే దాని పద్ధతి. 2020 లాక్‌డౌన్‌లో మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వొచ్చని కేంద్రమే చెప్పింది. పది రోజులకు మించి ఇవ్వకూడదని ఏ శాసనమూ లేదు. స్టాకు తక్కువున్నప్పుడు అందరికీ సర్దుదామని ఫార్మసిస్టులే చేసే ఏర్పాటది. దుర్మార్గం కాదు గానీ, రేవు అవతలి మనిషికీ ఆసుపత్రి వెనకవీధి మనిషికీ ఒకే పది రోజులంటే అన్యాయం. ‘మాది లంకండి, వచ్చి పోవడానికే పూట పడుతుంది’ అని డాక్టరుగారితో చెప్పి, ఆ మాట చీటీ మీద రాయించండి. మీ ఊళ్లో విలేజ్ క్లినిక్ ఉంటే బీపీ బిళ్లలు అక్కడే తీసుకోవచ్చేమో సీహెచ్‌ఓని అడగండి. 104 బండి మీ ఊరికి ఏ రోజు వస్తుందో ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. బిళ్లల కోసం ఆసుపత్రి దాకా పోనక్కర్లేకపోతే ఆ తిరుగుడు సగం తగ్గుతుంది.

బిళ్లలకు సంబంధించి ఇంకోటి. బయట డాక్టర్లు రెండు మందులు కలిపిన బిళ్ల రాస్తారు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపింది అలాంటిదే. సర్కారులో అవి విడివిడిగా ఉంటాయి. చీటీ మీద బ్రాండు పేరుంటే ‘లేదు’ అంటారు, మందు పేరు రాయిస్తే అదే కౌంటరులో రెండూ దొరుకుతాయి. స్ట్రిప్పు మీద ‘ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు’ అని ఉంటుంది, రంగు వేరు, సైజు వేరు. అది చూసి ‘సర్కారు బిళ్ల పనిచేయదు’ అని పక్కన పడేసే పెద్దవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. మీ అత్తగారు కూడా ఆ బాపతే అయితే, నెల రోజులు వేయించి బీపీ చూపించండి. ఆ అంకె చెబుతుంది, మీరూ నేనూ చెప్పనక్కర్లేదు.

సరే, అన్నీ సరిగ్గా అడిగారు. జాబితాలో ఉంది, చీటీ మీద ఉంది, స్టాకే లేదు. అప్పుడు? చీటీ మీద ‘స్టాకు లేదు’ అని రాసి తేదీ వేయమనండి. చాలామంది రాయరు, దాని మీద పట్టుపట్టకండి. ఇంటి నుంచే తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసుకుని వెళ్లండి. ‘ఫలానా తేదీన, ఓపీ నంబరు ఫలానా. డాక్టరు రాసిన హ్యూమన్ ఇన్సులిన్ 30/70, 40 యూనిట్ల సీసాలు మూడు ఇవ్వలేదు. ఎప్పుడు వస్తుందో, అప్పటిదాకా ఎక్కడ ఇస్తారో తెలియజేయగలరు.’ అంతే. తిట్లూ వద్దు, దండాలూ వద్దు. రెండు కాపీలు తీసి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, సంతకం వేయించుకోండి. ఆ ముద్ర పడ్డాక ఆసుపత్రి వాళ్లు కూడా పైవాళ్లను అడగడానికి ఒక ఆధారం దొరికినట్టే. మా రోజుల్లో అలాంటి కాగితం ఒకటి ఫైల్లో ఉంటే డ్రగ్ స్టోరుకు ఫోను చేయడానికి మాకూ గొంతు లేచేది.

వాళ్ల చేతుల్లో దారి బొత్తిగా లేకపోలేదు. మందుల బడ్జెట్లో కొంత భాగం అవసరానికి అక్కడికక్కడే కొనుక్కోవడానికి ఉంటుంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘం అని ఒకటి ఉంటుంది, దాని నిధులూ ఉంటాయి. పక్క ఆసుపత్రిలో ఎక్కువుంటే సర్దుబాటు చేసి తెప్పించొచ్చు. ‘లోకల్ పర్చేజ్‌లో తెప్పించగలరా అండి?’ అని ఒక్క మాట అనండి. ఆ మాట తెలిసిన పేషెంటుతో మాట్లాడే పద్ధతే వేరుగా ఉంటుంది, ఏం చేస్తాం, లోకం తీరు అది.

వారం దాటినా కదలిక లేకపోతే పైకి వెళ్లాలి. ఎవరి పైన ఎవరో తెలియక జనం తప్పు గుమ్మం తడుతుంటారు. పీహెచ్‌సీ అయితే మెడికల్ ఆఫీసరు, ఆయన పైన జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి, అంటే డీఎంహెచ్‌ఓ. సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి అయితే సూపరింటెండెంటు, ఆ పైన జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి, అంటే డీసీహెచ్‌ఎస్. సీహెచ్‌సీ గోడు డీఎంహెచ్‌ఓకి చెప్పుకుంటే ‘మాది కాదండీ’ అని పంపేస్తారు, ఒక రోజు దండగ. సోమవారం సోమవారం అమలాపురం కలెక్టరేట్లో గ్రీవెన్స్ ఉంటుంది. 2022 ఏప్రిల్లో కోనసీమ జిల్లా విడిగా ఏర్పడ్డాక మనకు కలిగిన సుఖాల్లో ఇదొకటి, అంతకుముందు కాకినాడ పోవాల్సి వచ్చేది. అర్జీ పెడితే నంబరిస్తారు. పైన చెప్పిన ముద్ర పడ్డ కాగితం జతచేయండి. అప్పటికీ తేలకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గడిచిన ఆరు నెలల్లో ఇన్సులిన్‌కు ఎంత ఇండెంటు పెట్టారు, ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ పెట్టారని తెలిశాక జవాబు రాకముందే మందు వచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. మందు వచ్చినా సరే జవాబు తెప్పించుకోండి, మీ ఊళ్లో మిగతావాళ్లకు అది పనికొస్తుంది.

భయం సంగతి అడిగారు. అది ఉత్త భయమని తీసిపారేయను. రేపు మళ్లీ అదే కౌంటరుకు పోవాలి, అదే మొహం చూడాలి. అందుకే ఒంటరిగా వెళ్లకండి. మీ లంకలో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మీ అత్తగారొక్కరే అయివుండరు. షుగరు, బీపీ ఉన్నవాళ్ల జాబితా ఆశా దగ్గరుంటుంది, ఆవిణ్ని కలుపుకోండి. నలుగురైదుగురు సంతకాలు పెట్టిన కాగితం మీద ఎవరికీ వ్యక్తిగత కోపం రాదు, పైగా ఇండెంటుకు అంకె కూడా సిద్ధంగా దొరుకుతుంది. ఫార్మసిస్టు పేరు రాసి నిందించకండి. చాలా పీహెచ్‌సీల్లో ఉండేది ఒక్క ఫార్మసిస్టే. మందులివ్వాలి, స్టాకు ఎక్కించాలి, సర్వరు నడవకపోతే తిట్లు తినాలి, సెలవు పెడితే ఆ పని నర్సమ్మ నెత్తిన పడుతుంది. మందు కొనే నిర్ణయం ఆయనది కాదు. ఆయన మీ పక్కనుంటే మందు వచ్చిన రోజు ఫోను కూడా వస్తుంది.

ఈలోగా బయట కొనక తప్పదు. కొనేటప్పుడు పెన్ను కాట్రిడ్జి ధర, 40 సీసా ధర రెండూ అడిగి చూడండి, సీసా చాలా చౌక. దీని ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. డాక్టరుగారు సీసాకు మార్చి రాశాక, సర్కారులో దొరకని నెలలో బయట కొన్నా మీకు తేడా కనిపిస్తుంది. బీపీ, షుగరు బిళ్లలకు జన ఔషధి దుకాణం చూడండి. 2008లో మొదలైన పథకం ఇది, బ్రాండు ధరతో పోలిస్తే సగానికి సగం, కొన్నిటికి అంతకన్నా తక్కువ. ఇన్సులిన్ మాత్రం ప్రతి దుకాణంలోనూ ఉండదు, ఫోను చేసి కనుక్కునే బయల్దేరండి. వైద్య సేవ కార్డు ఉంది కదా, దాని మీద రావా అని చాలామంది అడుగుతారు. రోజువారీ షుగరు, బీపీ మందులు దాని మీద రావు. అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. కొన్ని ఆపరేషన్ల తర్వాత మాత్రం ఫాలోఅప్ మందులిస్తారు.

వరదల మాట కూడా చెప్పాలి, మీది లంక కనుక. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వేలు మునిగి పడవలే గతి అవుతాయి. కాబట్టి జూన్ నెలాఖరుకే ఒక సీసా, రెండు వారాల బిళ్లలు అదనంగా ఇంట్లో ఉండాలి. ‘వరదల ముందు స్టాకు’ అని డాక్టరుగారిని అడిగితే కాదనరు, వాళ్లకూ ఆ బాధ తెలుసు. ఏఎన్ఎం దగ్గర మీ అత్తగారి పేరు ‘ఇన్సులిన్ పేషెంటు’ అని రాయించి పెట్టండి, మెడికల్ క్యాంపు పెట్టినా, పడవలో మందులు పంపినా ఆ జాబితాయే చూస్తారు. కరెంటు పోతే సీసాను గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, దాన్ని నీళ్లున్న కొత్త కుండలో నీడపట్టున ఉంచండి. డబ్బాలోకి నీళ్లు వెళ్లకూడదు. ఫ్రిజ్ ఉన్నప్పుడు కూడా ఐసు గూట్లో మాత్రం పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

రేపు ఆసుపత్రికి వెళ్లినప్పుడు అత్తగారి చెప్పులు విప్పించి పాదాలు కూడా డాక్టరుగారికి చూపించండి. కొబ్బరి తోటల్లో ఉత్తికాళ్లతో తిరిగే షుగరు మనిషికి ముల్లు దిగినా తెలియదు. కళ్ల పరీక్ష, కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారో చీటీలో లేకపోతే అవీ రాయించండి. ఇన్సులిన్ కోసం ఎలాగూ పూట పోతోంది కదా, ఆ పూటలోనే ఇవన్నీ అయిపోతాయి.